పెనం మీది నలుపు

సగానికి కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి, దేవకృప పెనమంతా గుండ్రంగా రుద్దింది. కార్ఖానా మెయిన్‌రోడ్డు మీది రాఘవేందర్ టిఫిన్ సెంటర్ షట్టర్ లేచి పది నిమిషాలు కూడా కాలేదు. పందొమ్మిదేళ్లుగా ఆమె ఉదయం ఇలాగే మొదలవుతోంది. ఆ ఇనుప పెనం ఆమె చేతిలోనే నల్లబడి, నునుపుదేలి, నూనె చుక్క వేయకపోయినా దోశ అంటుకోని స్థితికి వచ్చింది. ఒకసారి గిన్నెలు తోమే కమలాబాయి తెలియక దానికి సబ్బు పెట్టింది. వారం రోజులు ఒక్క దోశ కూడా చిరగకుండా రాలేదు. ఆ వారమంతా కృప ఆమెతో మాట్లాడలేదు. రాఘవేందర్‌కు ఇవేవీ తెలియవు. గల్లా దగ్గర కూర్చునేవాడికి పెనం గొడవ దేనికి?

కొత్త దోశ కృప ఆలోచనే. సైనిక్‌పురి నుంచి స్కూటర్ల మీద వచ్చే రిటైరైన మిలిటరీ పెద్దలు, నూనె తగ్గించమ్మా అని రోజూ గొణిగేవారు. నేరేడ్‌మెట్‌లోని తన ఇంట్లో ఆమె రెండు నెలలు తంటాలు పడింది. రాగిపిండి ఎక్కువైతే దోశ విరిగింది. బొప్పాయి ముక్కలు వేస్తే నీరు కారింది. చెడిపోయినవన్నీ భర్త జకర్యా నోరెత్తకుండా తిన్నాడు. చివరికి రాగులు, మినప్పప్పు, గుప్పెడు అటుకులు కలిపితే కుదిరింది. పల్చటి దోశ, పైన అరటిపండు చక్రాలు, దానిమ్మ గింజలు, చిటికెడు మిరియాల పొడి. ఇంటి పెనం మీద అంటుకున్న ఆ పిండే ఈ పెనం మీద నూనె లేకుండా చక్కగా లేచి వచ్చింది.

"పేరేం పెడ్దాం అక్కా?" అని రాఘవేందరే అడిగాడు.

"కృప దోశ అని రాయండి సార్. నాకు ఇంకేం వద్దు."

"పక్కా," అన్నాడు.

ఈ శనివారం బోర్డు వచ్చింది. దాని మీద 'వసుధ స్పెషల్ ఫ్రూట్ దోశ' అని ఉంది. వసుధ రాఘవేందర్ భార్య. ఎనిమిదింటికి వీడియో తీసేవాళ్లు కెమెరా పట్టుకొచ్చారు. కృప పోసి పెట్టిన దోశ ముందు వసుధ కొత్త ఏప్రన్ కట్టుకుని అట్లకాడతో నిలబడింది.

"అక్కా, నువ్వు జెర లోపలికి పో. ఫ్రేమ్‌ల పడుతున్నవ్. దానిమ్మలు ఒలువు," అన్నాడు రాఘవేందర్.

కృప వెళ్లి ఒలుస్తూ కూర్చుంది. బయటి నుంచి వసుధ గొంతు వినిపించింది. "మా ఇంట్ల ట్రై చేసి చేసి నేనే కనిపెట్టిన."

కృపకు ఒళ్లు మండిపోయింది. పిడికిట్లో గింజలు చితికి రసం ముంజేతి దాకా కారింది. క్షమించడం గురించి పాస్టరుగారు చెప్పినవన్నీ గుర్తొచ్చాయి గానీ, ఒక్కటీ పనికిరాలేదు. రేపు ఆదివారానికి అరవై ఫ్రూట్ దోశలు ఆర్డర్ వచ్చాయని రాఘవేందర్ ఫోన్లో మురిసిపోతున్నాడు.

మధ్యాహ్నం పొయ్యి ఆర్పాక ఆమె ఎప్పటిలా పెనాన్ని గుడ్డతో తుడిచి వదిలేయలేదు. దింపి, చింతపండు, ఉప్పు, ఇటుక పొడి, సబ్బు, ఇనుప పీచు ముందేసుకుని కూర్చుంది. పెనం ఆయనదే. ఆ నలుపు మాత్రం తనది. తనది తను తీసుకుపోతుంటే దొంగతనమెలా అవుతుంది? రెండు గంటలు కసితీరా తోమింది. భుజం పీకుతున్నా హాయిగానే ఉంది. కమలాబాయి చూసి, లోపలికి వెళ్లి ఇంకో ఇనుప పీచు తెచ్చి ఇచ్చింది.

"వాహ్ అక్కా! ఏం మెరుస్తుందీ!" అన్నాడు రాఘవేందర్. "రేపు కెమెరావాళ్లు సుత మళ్ల వస్తున్నరు. జెర తొందరగ రా."

"రేపటి సంది నేను రాను సార్. మేడమే కనిపెట్టింది గదా, మేడమే పోస్తది."

అతను పరాచికమనుకుని నవ్వాడు. అంతలో ఫోన్ మోగింది.

కృప చేతులు కడుక్కుని, తుడుచుకుని, సంచీ తీసుకుని బస్సెక్కింది. రేపు కెమెరా ముందు వసుధ అట్లకాడతో గీకుతూ నిలబడటం తలచుకుని, పక్కావిడ తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది.

అక్కడ పొయ్యి మీద పెనం కొత్త పళ్లెంలా మెరుస్తోంది. దాని పక్కన సాసర్లో, పొద్దున రుద్దిన సగం ఉల్లిపాయ అలాగే ఉంది.