సగం కల్లం, సగం కోర్టు

"ఆ నల్లరాయి మీద షమా పేరెక్కితే నేను ఆ కోర్టులో కాలు పెట్టను" అని బిందుమాధవి తన కొట్టు ముందు నిలబడి నలుగురూ వింటుండగా అన్నదట. పర్చూరు నుంచి వచ్చే ఆటోలో ఎవరో అనుకుంటుంటే మా పక్కింటి రాజ్యమత్త విన్నదట. ఆ మాటను దారిలో ఎక్కడా దించకుండా మోసుకొచ్చి, పిట్టగోడ మీదుగా మా ఆవిడ మాధురి చెవిలో వేసింది. మాధురి నాకు అట్టు వేస్తూ చెప్పింది. ఇంతదూరం వచ్చేసరికి మాటకు తోక కూడా మొలిచింది. "షమా ఏమన్నా తక్కువ తిందా? నా పాయింట్లు ముందు లెక్కపెట్టుకోమను అన్నదంట" అని కూడా చేర్చింది మాధురి.

"రాజ్యమత్త మాటకేంలే" అన్నాను గానీ, అట్టు సగంలోనే వదిలేసి లేచాను. ఆ రాయి మీద ఎవరి పేరు చెక్కాలో తేల్చాల్సింది నేనే మరి.

మా ఊళ్ళో నల్లరేగడి, మిరప, పత్తి తప్ప గొప్పగా చెప్పుకోవడానికి ఉన్నది ఇద్దరు ఆడపిల్లలు. ఇప్పుడు ఆడపిల్లలంటే వాళ్ళే నవ్వుతారు. ఇద్దరికీ నలభై ఐదు దాటాయి. ఒకరికి మోకాలు పోయింది, ఇంకొకరికి కళ్ళజోడు వచ్చింది. కానీ ఒకప్పుడు బాస్కెట్‌బాల్ రింగులో బంతి వేయడంలో ఈ చుట్టుపక్కల వీళ్ళను మించినవాళ్ళు లేరు. ఆ తర్వాత పుట్టారంటే కూడా మేము ఒప్పుకోం.

షమా పరుపులు కుట్టే బుడే కూతురు. ఎంత దూరం నుంచి విసిరినా బంతి రింగుకు తగలకుండా వలలోకి జారేది. ఆ గురి చూసే రైల్వేవాళ్ళు ఉద్యోగమిచ్చారు. పదహారేళ్ళు వాళ్ళ జట్టుకు ఆడింది. మొత్తం పాయింట్లు ఐదువేలు దాటాయి. ఇప్పుడు నల్లపాడులో కాపురం.

బిందుమాధవి మిరప రైతు కూతురు. ఆమెది రింగు కింద ఆట. ఎవరో వేసిన బంతి రింగుకు కొట్టుకుని బయటికొస్తే, అది నేల తాకక ముందే గాల్లో అందుకుని మళ్ళీ లోపలికి తోసేది. పెద్ద ఆటలు ఆడింది నాలుగేళ్ళే. ఆ నాలుగేళ్ళలో మ్యాచికి సగటున ముప్పై పాయింట్లు వేసింది. యూనివర్సిటీ జట్టుకు ఆడుతూ, ఒకరోజు ఎగిరి దిగేటప్పుడు మోకాలు తిరిగింది. అక్కడితో సరి. ఇప్పుడు పర్చూరులో విత్తనాలు, పురుగుమందుల కొట్టు నడుపుతోంది.

ఇద్దరిలో ఎవరు గొప్ప? మా ఊరు అప్పటి నుంచీ దీనిమీదే బతుకుతోంది. పత్తి వేసేవాళ్ళంతా షమా పక్షం, మిరప వేసేవాళ్ళంతా బిందుమాధవి పక్షం. నాగూర్ వలి టీ కొట్టు దగ్గర రోజూ ఇదే పంచాయితీ.

"పదహారేళ్ళు ఆడితే మా అమ్మమ్మ కూడా వేస్తదిరా ఐదువేలు" అంటాడు మిరప రైతు.

"నాలుగేళ్ళ సగటు చెప్పమాకరా నాకు. నువ్వు కూడా పెళ్ళైన కొత్తలో పొద్దున్నే లేచి చేలోకి పోయేవాడివి" అంటాడు పత్తి రైతు.

"పత్తి ఒక్క తీతతో ఊరుకోదు. తీసిన కొద్దీ పగులుద్ది. అదీ షమా అంటే."

"మిరప్పండు ఒక్కటి పడితే చాలు కూరకి. రెండోది వేస్తే నువ్వు తినలేవు. అదీ బిందు అంటే."

మధ్యలో నాగూర్ వలి, "ఎవరు గొప్పైనా గ్లాసులు ఇటివ్వండి, కడగాలి" అంటాడు. ఆ పూటకు అదే తీర్పు.

ఈ వేడిలోకి లక్ష్మీకాంత్ దిగాడు. మా క్లాసువాడే. మార్టూరులో గ్రానైటు పాలిషింగ్ యూనిట్ పెట్టి నాలుగు డబ్బులు చూశాడు. హైస్కూల్లో పగిలిపోయిన పాత కోర్టు తీసేసి, నీలం రంగు వేసిన కొత్త కోర్టు కట్టించాడు. దాని ముందు నిలబెట్టడానికి ఆరడుగుల నల్లరాయి కూడా ఇచ్చాడు. కోర్టుకు పేరు పెడతాడట. ఒక్క పేరే పెడతాడట.

"రెండు పేర్లూ పెట్టరా, పీడా పోద్ది" అన్నాను.

"రెండు పెడితే అక్షరాలు చిన్నవైపోతాయిరా. బస్సులో పోయేవాడికి కనపడాల. ఆ పేరేందో నువ్వు చెప్పు. పత్తీ వేస్తావు, మిరపా వేస్తావు. పైగా కాలేజీలో పాఠాలు చెప్తావు. నీకంటే మధ్యస్థుడు ఎవడున్నాడు?"

మధ్యస్థుడంటే ఇద్దరి చేతా తిట్లు తినేవాడని నాకు తెలియక కాదు. చిన్నప్పుడు ఆ ఇద్దరికీ బంతులు అందించిన స్నేహం నాది. ఏ పేరు చెప్పినా ఒక స్నేహం పోతుంది. రేపు ప్రారంభం. చెక్కేవాడిని అక్కడికే తీసుకొస్తానన్నాడు లక్ష్మీకాంత్.

ఆ పూటే షమాకు ఫోన్ చేశాను. "ఊరకే అడుగుతున్నా..." అని నసిగాను.

"నసగమాకు. రాయి గురించేగా? నాకు కావాలిరా" అంది షమా. "వద్దని ఎందుకు బొంకాలి? మా నాన్న ఈ ఊళ్ళో ప్రతి ఇంటికీ పరుపు కుట్టాడు. సెంటు నేల కొనలేకపోయాడు. ఆ రాయి మీద బుడే కూతురు షమా అని ఉంటే, ఈ ఊళ్ళో మాకూ అంత చోటు ఉన్నట్టు ఉంటదిరా."

అక్కడి నుంచి పర్చూరు వెళ్ళాను. బిందుమాధవి కౌంటర్ వెనక స్టూలు మీద కాలు చాపుకుని కూర్చుంది.

"నిజంగా అన్నావా ఆ మాట?"

"అన్నా. కోపంలో అన్నా, కానీ అన్నా" అంది. "షమాకి ఆట ఉద్యోగం ఇచ్చింది. ఢిల్లీ చూపించింది, కలకత్తా చూపించింది. నాకేమిచ్చిందిరా? వాన పడేముందు సలిపే మోకాలిచ్చింది. ఇదిగో, పొద్దుట్నించీ సలుపుతా ఉంది. ఆ రాయన్నా నాకు ఇవ్వు."

ఇద్దరిదీ న్యాయమే. ఒకరిది అబద్ధమైతే నా పని ఎంత తేలికయ్యేది! మాధురిని అడిగితే, "చీటీలు వేయి" అంది. అది హాస్యానికి అన్నదో నిజానికే అన్నదో అడగడానికి ధైర్యం చాల్లేదు.

బిందుమాధవి మోకాలు చెప్పినట్టే ఆ సాయంత్రం వాన పడింది. మిరపకాయ కల్లాల్లో ఎండే రోజులు. ఊరంతా పట్టాలు కప్పడానికి పరుగులు. గంటలో వెలిసింది గానీ, మట్టి కల్లాలన్నీ బురదయ్యాయి.

పొద్దున్నే హైస్కూలుకు వెళ్ళేసరికి లక్ష్మీకాంత్ కేకలు వీధిలోకే వినపడుతున్నాయి. కొత్త కోర్టులో అవతలి సగం ఎర్రగా ఉంది. ఒక చివరి రింగు కింద నుంచి మధ్య గీత దాకా మిరపకాయలే, అంచున మడిచి పెట్టిన పట్టా. మధ్యలో రాజ్యమత్త చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, కాళ్ళతో చాళ్ళు తీస్తూ కాయ తిరగేస్తోంది. డెబ్బై దాటినా ఇంకా ఎకరంన్నర కౌలుకు చేస్తోంది ఆమె.

"అత్తా, ఇది కల్లం కాదు, కోర్టు!"

"సిమెంటు చేశాక కల్లం కాక ఏందిరా? నా కల్లం బురదైంది. తడిసిన కాయ నల్లబడితే నువ్వు కొంటావా?"

"రంగు వేయించానత్తా. నీలం రంగు!"

"బాగానే వేయించావు. కాయ ఎరుపు ఇంకా బాగా తేలింది."

నాకు నవ్వూ వచ్చింది, ఘాటుకు దగ్గూ వచ్చింది. ఇంతలో గేటు దగ్గర కారు ఆగి షమా దిగింది. వెనకే స్కూటరు మీద బిందుమాధవి వచ్చింది. రానన్న మనిషి వచ్చినందుకు సంతోషించాలో, ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా చెరో పక్కకు వచ్చి నిలబడినందుకు భయపడాలో తెలియలేదు. పేరు చెక్కాల్సిన చోటు ఖాళీగా ఉన్న నల్లరాయి, దాని పక్కన ఉలి పట్టుకుని చెక్కేవాడు. అందరూ నా వైపు చూస్తున్నారు.

ముందు షమా తుమ్మింది. తర్వాత మిరపకాయల వైపు చూసింది. చూసి, నవ్వడం మొదలుపెట్టింది. "ఏమే బిందూ, ఎక్కడిదక్కడే ఉంది కదే" అంది.

బిందుమాధవి నవ్వు ఆపుకోవడానికి చాలాసేపు నోరు బిగించింది. ఆగలేదు.

ఇందులో నవ్వడానికేముందో కుర్రకారుకు తెలియదు. అప్పట్లో ఊరంతటికీ సిమెంటు నేల ఇదొక్కటే. భర్త పోయి, సొంత కల్లం లేని రాజ్యమత్త వచ్చి అడిగితే, అప్పటి డ్రిల్లు మాస్టారు మిరప రోజుల్లో సగం కోర్టు ఆమెకు ఇచ్చేశాడు. మిగిలిన సగంలో, మిగిలిన ఒక్క రింగుకు, మా పిల్లలమంతా ఆడేవాళ్ళం. అంచున గోనెపట్టాలు మడిచి గట్టులా వేసేది రాజ్యమత్త. బంతి అది దాటి కాయలో పడిందంటే, వేసినవాళ్ళకు తిట్లు. పైగా కూర్చుని చిదిగిన కాయలన్నీ ఏరాలి. ఆ చేత్తో ఎవరైనా కన్ను తుడుచుకుంటే ఇక ఏడుపే. అప్పుడు మళ్ళీ ఆమే మజ్జిగ తెచ్చి కళ్ళు కడిగేది, చేతులకు ఆముదం రాసేది. షమా తమ ఇంటి నుంచి ఏకిన దూది తెచ్చి బంతి తుడిచేది. ఏటా మూడు నెలలు ఇదే తంతు. అందుకే మా ఊరి జట్టుకు పరుగు రాలేదు, అడ్డుకోవడం రాలేదు. గురి మాత్రం వచ్చింది.

ప్రారంభానికి తెచ్చిన కొత్త బంతి కుర్చీలో ఉంది. బిందుమాధవి కుంటుకుంటూ వెళ్ళి తీసి, షమా మీదకు విసిరింది. షమా కళ్ళజోడు తీసి నా చేతికిచ్చింది. చీర చెంగు బిగించి, దూరపు గీత దగ్గర నిలబడి వేసింది. బంతి వలలోకి జారింది. పత్తి రైతులు ఈలలు వేశారు. రెండోది వేసింది, అదీ పడింది. మూడోది రింగుకు కొట్టుకుని పక్కకు లేచింది. ఆ క్షణంలో బిందుమాధవి తన మోకాలి సంగతి మరిచిపోయింది. అరడుగు కూడా ఎగరలేదు గానీ, వేళ్ళ కొసలతో బంతిని లోపలికి తోసింది. ఈసారి మిరప రైతులు ఈలలు వేశారు.

నాలుగోది షమా వేసిన వేగానికి బోర్డుకు తగిలి, బిందుమాధవి చేతికి అందకుండా మధ్య గీత దాటి వెళ్ళి కాయలో పడింది.

"ఎవత్తే అదీ!" అని అరిచింది రాజ్యమత్త.

ఆ కేకలో ఏముందో గానీ, రైల్వేలో అంతమందిని గడగడలాడించే షమా, పర్చూరులో కొట్టు యజమాని బిందుమాధవి, ఇద్దరూ వెళ్ళి కాయల అంచున చతికిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే చిదిగిన కాయలు ఏరడం మొదలుపెట్టారు. పక్కపక్కనే. బిందుమాధవి కాలు చాపుకుంటే, షమా దానికి తగలకుండా జరిగి కూర్చుంది.

"కన్ను తుడుచుకునేవు" అంది బిందుమాధవి.

"నాకు తెల్సులేవే" అంది షమా. కాసేపు ఏరాక మళ్ళీ అంది. "రైల్వే కోచ్ అడిగేవాడే, ఈ గురి ఎక్కడ నేర్చుకున్నావని. దేవుడిచ్చాడని చెప్పా. దేవుడు కాదే. ఈ అత్త తిట్లు. ఆ కాయలో పడకూడదని చచ్చేంత భయం."

బిందుమాధవి చేతిలోని కాయను తిప్పి చూసింది. "నేను మాత్రం ఎందుకు ఎగిరానే? నీ బంతి కిందపడితే నేను కూడా ఏరాలిగా."

ఇద్దరూ నవ్వారు. ఘాటుకో దేనికో ఇద్దరికీ కళ్ళనీళ్ళొచ్చాయి. నాకూ వచ్చాయి. మా ఊరి గొప్పంతా ఏ నేల మీద మొలిచిందో ఇన్నేళ్ళూ మాకెవరికీ తట్టలేదు. టీ కొట్టు పంచాయితీల్లో రాజ్యమత్త పేరు ఒక్కసారి కూడా రాలేదు. ఆ సగం కల్లానికి, ఆ తిట్లకు, ఆ మజ్జిగకు దణ్ణం పెట్టాలనిపించింది.

"త్రినాథూ" అని నన్ను పిలిచింది షమా. "మా ఇద్దర్నీ వదిలెయ్. అత్త పేరు చెక్కించు."

నేను బిందుమాధవి వైపు చూశాను. ఆమె మోకాలు రుద్దుకుంది. "నాకైతే ఒప్పుకోబుద్ధి కావట్లేదురా. ఆ రాయి మీద ఆశ ఇంకా చావలేదు" అంది. తర్వాత, "అయినా చెక్కించు. న్యాయం అదే" అంది.

లక్ష్మీకాంత్ ఒక్క నిమిషం నీలం రంగు మర్చిపోయి, చెక్కేవాణ్ణి దగ్గరికి పిలిచాడు. నేను చెప్పులు విడిచి కాయల అంచు దాకా వెళ్ళాను. "అత్తా, నీ చలవ వల్లే వీళ్ళింతవాళ్ళయ్యారు. మా అందరి తరఫునా ఈ కోర్టుకు నీ పేరు పెడుతున్నాం. ఆ రాయి మీద రాయిస్తున్నాం" అన్నాను. చుట్టూ చప్పట్లు కొట్టారు.

రాజ్యమత్త కాయ తిరగేయడం ఆపలేదు. చప్పట్లు అయిపోయేదాకా ఆగి, అంది.

"మీకు ఆట నేర్పుదామని తిట్టానంట్రా నేను? నా కాయ చిదుగుద్దని తిట్టా. బతికున్నదానికి రాయెందుకు? గాలి లేస్తా ఉంది, ఆ రాయి ఇటు మోసుకొచ్చి పట్టా అంచు మీద పడెయ్యండి."