అయిదు తీగల బేసుకి ఎదురుకొండ తీర్పు

మా జి.మాడుగుల కొండల్లో నా చెవుల్లాంటి చెవులు ఇంకెవరికీ లేవు. ఎదురుకొండ మీద కాఫీ గింజ రాలినా, అది పండుదో పచ్చిదో ఇక్కణ్నుంచే చెప్పేస్తాను.

"ఒరే రోనాల్డూ! సెవిటోడా! ఎంతసేపట్నుంచి పిలుత్తన్నాను సర్చికి రమ్మని!" అంటూ మా అక్క సోఫియా వెనక నుంచి నా నెత్తి మీద ఒకటిచ్చింది. అప్పటికి ఆమె నాకు మూరెడు దూరంలో ఉంది.

ఆ రోజు పొద్దున్నుంచీ ఊరంతా కోపంగానే ఉంది. కోళ్లు కూడా కోపంగానే కూశాయి. దానికి కారణం చర్చిలో బల్ల మీద పడుకుని ఉన్న రెండు బేస్ గిటార్లు. ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. రెండింటికీ అయిదేసి తీగలు. ధర కూడా ఇంచుమించు ఒకటే. మరీ చవకా కాదు, మరీ ఖరీదూ కాదు. ఒకసారి కొన్నాక మన మనవలు పుట్టేదాకా సంఘంలో మళ్లీ ఆ ఊసెత్తకూడదు, అంత ధర. విశాఖపట్నంలో కొట్టు నడిపే జగన్నాథరావు గారు రెండింటినీ బస్సెక్కించి, వాయించి చూసుకుని నచ్చింది ఉంచుకోండి, రెండోది రేపటి బస్సుకి పంపేయండి అన్నారు.

చర్చిలో బేసు వాయించేది అక్క. పాత నాలుగు తీగల దాని మెడ వంగి విల్లులా తయారయ్యేదాకా దానితోనే నెట్టుకొచ్చింది. ఆమెకి నల్లది కావాలి. సంఘ పెద్ద ఎలీయేజరు పెదనాన్నకి ఎర్రది కావాలి.

"ఎర్రది ఎలా మెరుత్తందో సూడే! క్రిస్మస్‌కి స్టారు కట్టక్కర్లేదు," అన్నాడు పెదనాన్న.

"మెరుపు ఎవులికి కావాల? దాని అయిదో తీగ ముట్టుకుని సూడు పెదనాన్నా, బట్టలారేసే తాడులా ఊగుతంది. పైగా దాని కడుపులో సదరం బేటరీ ఉండాల. పాట మద్దెలో అదయిపోతే నోరు పడిపోద్ది. మన సంతలో టార్చిలైటు బేటరీలు తప్ప ఇంకేటి దొరుకుతాయి?"

"నల్లది బరువే. ఆడగుంటవి. ఆరాధన అయ్యేదాకా నిలబడి మొయ్యగలవేటి?"

అక్క మొహం చూసి చర్చిలో ఉన్న కుక్క లేచి బయటికి వెళ్లిపోయింది.

"కాఫీ మూటలు నెత్తినెట్టుకుని కొండ దిగినప్పుడు నాను ఆడగుంటనని ఎవులికీ గుర్తు రాలేదేటి? వాయించేది నాను. ఏళ్లు కోసుకుపోయేది నాయి. ఎర్రదే ఉంచుతానంటే నువ్వే మెళ్లో ఏసుకుని వాయించుకో. ఈ ఆదివారం నుంచి నాను రాను."

అక్క అన్న మాట అంటే అన్నదే. మా సంఘంలో ఇంకెవరికీ బేసు వాయించడం రాదు.

ఆ సందులో నేను నల్లదాని లావు తీగని ఊరికే, చాలా మర్యాదగా, ఒకసారి లాగాను. అక్క నా చేతి మీద ఫెడీమని కొట్టింది. "పనస జిగురు సేతులూ నువ్వూనూ! ముట్టుకోకు!" పాటల గుంపంతా నవ్వింది. రాజకుమారి అందరికంటే ఎక్కువ నవ్వింది. నాకొచ్చిన కోపానికి చర్చి పైకప్పు రేకులు కరిగి కారాలి. ఎందుకో కారలేదు.

"గొడవొద్దు," అన్నాడు పెదనాన్న. "ఎదురుకొండ తీరుసుద్ది."

మా ఊళ్లో కొత్త డప్పు చేయించినా, తుడుము చేయించినా వాయించేవాడి మాట ఎవరూ నమ్మరు. పక్కనుండి వింటే నూనె డబ్బా కూడా గొప్పగానే మోగుతుంది. అందుకని ఒకడు ఊళ్లో వాయిస్తే ఇంకొకడు ఎదురుకొండెక్కి వింటాడు. మోత తన దాకా చేరితే తువ్వాలు ఎత్తుతాడు, లేకపోతే ఎత్తడు. తాతల నాటి నుంచీ అదే తీర్పు. కరెంటుతో మోగేదానికి ఈ పరీక్ష ఏమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

అక్క పళ్లు నూరింది. "సరే. ముందు నల్లది, తరవాత ఎర్రది. లోపల నానూ మగ్దలేనమ్మ పిన్నీ ఉంటాం. మీరంతా బయటుండి తువ్వాలు సూసుకోండి."

"కొండెవులు ఎక్కుతారు?" అన్నాడు పెదనాన్న.

"నానెక్కుతాను," అన్నాను. సంఘసేవ అంటే నాకు ప్రాణం.

మిరియాల తీగలు పట్టుకుని పాకుతూ పైకి చేరాను. కింద చర్చి అగ్గిపెట్టెంత కనిపించింది. వాయించడం మొదలైనప్పుడల్లా గుమ్మం ముందు పాటల గుంపులోని విల్సన్ గొడుగు తిప్పాలని ఒప్పందం. గొడుగు ఒకసారి తిరిగింది. నేను తువ్వాలు ఎత్తలేదు. గొడుగు మళ్లీ తిరిగింది. ఈసారి తువ్వాలు ఎంత ఎత్తానంటే పై నుంచి వెళ్లే గద్ద దారి మార్చుకుంది.

నేను దిగొచ్చేసరికి పెదనాన్న మీసం దువ్వుకుంటున్నాడు. "సూసేరా? ఎర్రదే! కొండ అబద్దమాడదు."

అక్క నల్లది మెళ్లో వేసుకునే బయటికొచ్చింది. ఆమె గొంతు మామూలుగా ఉంది. అప్పుడే నేను పారిపోవాల్సింది.

"ఏరా తమ్ముడూ, రెండోసారి బాగా ఇనిపించిందేటి?"

"గుండెదిరిపోయిందక్కా. కోతులు సెట్లు దిగి దణ్నం ఎట్టేయి."

"మరి మొదటిసారి?"

"దోమ మూలిగినట్టైనా లేదు."

"రెండుసార్లూ నల్లదే వాయించాను."

పెదనాన్న చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. "ఏటే? సర్చిలో మోసం సేత్తావా?"

"సేసేను. నువ్వెట్టిన పరీచ్చకి అదే సరిపోద్ది. ఈడి సంగతి నాకు తెలుసు. కావాలంటే పిన్నిని అడుగు."

మగ్దలేనమ్మ పిన్ని గుమ్మంలోంచి తల ఊపింది. "ఎర్రది బల్ల మీంచి కదల్లేదు బాబూ."

"గాలి!" అన్నాను నేను. "రెండోసారికి గాలి కొండవైపు తిరిగింది."

"ఓహో. ఏ పాట వాయించేను?"

"అదే... మొన్న ఆదివారం పాడింది."

"పాట లేదు, పద్దెం లేదు. రెండుసార్లూ అయిదో తీగొక్కటే మీటేను."

రాజకుమారి నవ్వలేదు. అది ఇంకా ఘోరంగా ఉంది.

పెదనాన్న విసవిసా లోపలికి వెళ్లి ఎర్రదాన్ని సంచిలో కుక్కి జిప్పు లాగాడు. ఆ లాగడానికి సంచి రెండుగా చీలుతుందేమో అనుకున్నాను. బయటికి తెచ్చి విల్సన్ చేతిలో పెట్టాడు. "రేపు బేగి లెగిసి దీన్ని బస్సెక్కించు. నల్లదే ఉంటాది. సోఫియా, నీతో తరవాత మాటాడతాను." అక్క గడ్డం ఎత్తి, "మాటాడు," అంది.

అప్పుడు ఆయన నా వైపు తిరిగాడు. ఆ ముసలి కళ్లలో కోపం కంటే అవమానం ఎక్కువుంది. నిన్నటిదాకా ఊళ్లో ఎవరూ ఆ కొండ మాటని కాదనలేదు.

"ఇప్పుడు సెప్పరా. ఏటిన్నావు పైన?"

అబద్ధాల కోసం లోపలంతా వెతికాను. నా దగ్గర ఎప్పుడూ బస్తాలకి బస్తాలు నిల్వ ఉంటాయి. ఒక్కటీ దొరకలేదు. జేబులోంచి ఇయర్‌ఫోన్లు తీసి ఆయన అరచేతిలో పెట్టాను.

"ఏటీ ఇన్లేదు పెదనాన్నా. ఆ కొండ మీదొక్కచోటే సిగ్నలొత్తాది. ఇయి సెవుల్లో ఎట్టుకుని కబడ్డీ సూత్తన్నాను. అక్క అందరిముందూ కొట్టింది కదా... రెండోసారి గొడుగు తిరిగితే తువ్వాలు ఎత్తేద్దామని, కొండెక్కక ముందే అనుకున్నాను."