బదిలీ మనిషి

నేను చేసే పని నాకు నచ్చదు. దీన్ని మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు. సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానాలో ఆయాను. బెడ్‌పాన్లు ఎత్తాలి, దుప్పట్లు మార్చాలి, ముసలివాళ్లను పక్కకు తిప్పి వీపు తుడవాలి, వాళ్ల తిట్లు పడాలి. వాళ్ల కోడళ్ల తిట్లు అదనం. మునగాల నుంచి పొద్దున బస్సులో నిలబడి వస్తాను, సాయంత్రం నిలబడే పోతాను. ఇంటికెళ్లి ఎంత తోముకున్నా చేతులకు ఫినాయిల్ వాసన పోదు.

మా దగ్గర ఒక పద్ధతుంది. ఆయా రాలేకపోతే తన బదులు ఇంకొకరిని తనే పంపాలి. అలా వచ్చినామెను బదిలీ అంటాం. చెల్లెలో, వదినో, పక్కింటామో, ఎవరైనా సరే, వార్డులో మనిషుండాలి. మనం పని మానేస్తే ఆ పని బదిలీకే ఇస్తారు. అందుకే మా పక్కింటి కమలమ్మ నాకు బదిలీగా వచ్చినప్పుడల్లా, "ఇంకా జరం తగ్గలేదా?" అని ఆశగా అడిగేది.

ఆ రోజు నేను కోదాడ వెళ్లాలి. మా పెద్దమ్మ కూతురు గీత అక్కడ చీరల షాపులో చేస్తుంది. నా గురించి ఓనరుతో మాట్లాడి పెట్టింది. ఏసీలో నిలబడి చీరలు విప్పి చూపించాలి, మడతపెట్టాలి, నవ్వాలి. నవ్వడమే కాస్త కష్టం గానీ నేర్చుకుంటాననుకున్నాను. బదిలీకి మాత్రం ఎవరూ దొరకలేదు. కమలమ్మకు నడుం పట్టేసింది, వదిన నాట్లకు పోయింది. హెడ్ నర్సు సుమతి మేడానికి ఫోన్ చేసి పచ్చి అబద్ధమాడాను.

"మేడం, ఒంట్ల మంచిగ లేదు. బదిలీ మనిషి వస్తది."

"ఎవరే?"

"వస్తది గదా, మీరే సూస్తరు," అని ఫోన్ పెట్టేశాను.

మర్నాడు తిట్లకు సిద్ధపడే వెళ్లాను. సుమతి మేడం నవ్వుతూ ఎదురొచ్చింది. ఆమె నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

"గిట్లాంటి మనిషిని ఇన్నొద్దులు యాడ దాసినవే? నిన్న వార్డుల సప్పుడే లేదు. ఒక్కలు మూలిగితే ఒట్టు!"

"ఎవరు మేడం?"

"నీ బదిలీనే. పేరడిగితే, నవనీత బదులొచ్చిన అన్నది."

"ఎట్లుంటది మేడం?"

సుమతి మేడం చెప్పబోయి ఆగింది. ఎప్పుడో డిశ్చార్జి అయిన రోగి రోడ్డు మీద కనబడినా పేరు పెట్టి పిలిచే మనిషామె. చాలాసేపు ఆలోచించి, "ఏమోనే, మామూలుగనే ఉంటది," అంది.

మూల మంచం ఖాళీగా ఉంది. అది మత్తయ్యది. మిర్యాలగూడ రైసుమిల్లులో హమాలీ పనిచేసినవాడు, నన్ను "ఓ గయ్యాళీ" అని పిలిచేవాడు. కోలుకుంటున్నాడని డాక్టరు సారే అన్నాడు. నిన్న మధ్యాహ్నం నిద్రలోనే పోయాడట. ఆ మంచం దుప్పటి తీస్తుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నా బదులు ఎవరొచ్చారో ఊళ్లో అందరినీ అడిగాను. మేము కాదంటే మేము కాదన్నారు. పోనీలే, పని జరిగింది కదా అనుకున్నాను. ఆ వారంలోనే షాపు ఓనరు మళ్లీ రమ్మన్నాడు. ఈసారి నేను సుమతి మేడానికి ఫోన్ కూడా చేయలేదు. భయంతోనో, చూద్దామనో, ఇప్పటికీ తెలీదు. సోమవారం నుంచి పనిలోకి రమ్మని ఓనరు అన్నాడు. సంబరంగా తిరిగొచ్చి మర్నాడు వార్డులోకెళితే, కిటికీ పక్క రూతమ్మ మంచం ఖాళీ. ఆమె కూడా ముందురోజు నిద్రలోనే పోయిందట.

ఆ పక్క మంచం రాజమ్మది. నేరేడుచర్ల ఆమె. తుంటి విరిగి పడుకున్నా, పొలంలో కూలోళ్లను అదిలించినట్టే అందరినీ అదిలిస్తుంది. నాకూ ఆమెకూ రోజూ పేచీయే. ఆ రోజు మాత్రం నా చెయ్యి పట్టుకుని మెల్లగా మాట్లాడింది.

"ఓ నవనీతా, నీ బదిలీ ఆమె సేతులు మస్తు సల్లగుంటయే. నుదుటి మీద పెడితే నొప్పి ఖతం. మంచం పక్కన కూసొని ఒక్కటే మాట అడుగుతది."

"ఏమని?"

"ఇంటికి పోదమా అని. మత్తయ్య పోదమన్నడు. రూతమ్మ గూడ. నిన్న నన్నడిగింది. కాలు మంచిగయినంక పోత అన్న. సరే, మల్ల వచ్చినప్పుడు అడుగుత అన్నది."

పరుగెత్తుకెళ్లి చెబితే సుమతి మేడం కసిరింది.

"ముసల్దానికి జరంల ఏమేమో కనబడుతది, నువ్వు పరేషాన్ గాకు. కోదాడల పని దొరికిందంట గదా? పో, మంచిగ బతుకు. నీ పని ఆమెకే ఇస్తం."

సోమవారం పొద్దున మునగాల బస్టాపులో నిలబడ్డాను. రోడ్డుకు ఇటు కోదాడ, అటు సూర్యాపేట. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. రాజమ్మ నాకేమవుతుంది? అత్తా, అమ్మా? నీళ్లు చల్లగా ఉన్నాయని నా మొహాన గ్లాసు విసిరిన మనిషి! ఇన్నేళ్లకు నాకొక మంచి పని దొరికితే ఈ పీడేంటి? కోదాడ బస్సు రాగానే ఎక్కేశాను. సీటు కూడా దొరికింది. అయినా మనసొప్పక సుమతి మేడానికి ఫోన్ చేశాను.

"మేడం, ఆమె వచ్చిందా?"

"వచ్చిందే. రాజమ్మ పక్కన కూసున్నది. నువ్వు బేఫికర్‌గ పో."

బస్సు ఆపమని నేను అరిచిన అరుపుకి డ్రైవరు ఉలిక్కిపడ్డాడు. కండక్టరు తిడుతుంటే నేనూ తిట్టి దిగాను. హైవే దాటి, సూర్యాపేట వెళ్లే ఆటో ఎక్కాను.

వార్డులో ఎండ బాగా పడుతోంది. అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. మూలుగు లేదు, దగ్గు లేదు, ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె గుమ్మానికి వీపు పెట్టి రాజమ్మ పక్కన కూర్చుంది. నాలాగే ఆయా నీలం చీర కట్టుకుంది. రాజమ్మ నుదుటి మీద చెయ్యి వేసి ఉంది.

"ఇంటికి పోదమా?" అంది. ఎంత ప్రేమగా అడిగిందంటే, నాకే పోదామనిపించింది.

రాజమ్మ నోరు తెరిచింది.

"ఆమె యాడికీ రాదు!" అని అరిచాను. "నేను పని మానలే. నేనొచ్చిన. నువ్వు లే గాడికెల్లి!"

ఆమె వెంటనే లేచింది. "అట్లనే అక్కా. నువ్వొస్తే నాకేం పని?" అంటూ నా పక్కనుంచే నడిచింది. నా భుజం చల్లబడింది. ఆమె మొహంలోకి సూటిగా చూశాను. ఎలా ఉందని మీరడిగితే చెప్పలేను. మామూలుగానే ఉంది.

గుమ్మం దగ్గర ఆగి, "నీకు చాతగాని రోజు నేనున్న. ఫోన్ గూడ చెయ్యనక్కర లేదు," అంది. వసారాలోకి తొంగిచూస్తే ఎవరూ లేరు. వెనక వార్డులో ఒక్కొక్కరే మూలగడం మొదలుపెట్టారు. ఆ మూలుగు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

గీత ఫోన్ చేసి చెడామడా తిట్టింది. షాపుకు రానని చెప్పి, గోడ వైపు తిరిగి ఏడ్చాను. రాజమ్మ కంటబడనే పడ్డాను.

"ఎందుకొచ్చినవే పిచ్చిదానా?" అంది. "నాకేమన్న తెల్వదనుకున్నవా, ఆమె ఏ ఇంటికి పోదమంటున్నదో? నేను పండు ముసల్దాన్ని. నా కోసం నీ బతుకు ఎందుకు ఖరాబు జేసుకుంటవ్? పో, కోదాడ పో."

"నోరు ముయ్యి. బువ్వ తిను."

అన్నంలో పప్పు మెత్తగా కలిపి ముద్ద అందించాను. ఉప్పు తక్కువైందని తిట్టింది. రెండో ముద్దకు నోరు తెరవకుండా నా వైపే చూస్తూ ఉండిపోయింది.

"రేపొస్తవా?"

"వస్త."

"ఎల్లుండి?"

"వస్త."

"మరి జరమొస్తే?"

ముద్ద ఆమె పెదాలకు ఆనించాను.

"జరమొచ్చినా వస్త. తిను."