పాఠానికి ముందు ఒక మాట

మా తెలుగు సార్ నరేందర్ మంచివాడే. చిక్కంతా అక్కడే వచ్చింది. హైదరాబాదులో ఏదో శిక్షణకు పోయి వచ్చాక ఆయనకు కొత్త అలవాటు పట్టుకుంది. గద్వాలలో మేము చదివే డిగ్రీ కాలేజీలో పాఠం మొదలుపెట్టే ముందు, అందులో బాధపెట్టే సంగతి ఏముందో చెప్పేవాడు. వినలేనివాళ్లు లైబ్రరీలో కూర్చోవచ్చు, హాజరు పోదు అనేవాడు. హాజరు పోదన్న మాట ఒక్కటే మగపిల్లల చెవిన పడింది. పాఠంలో ఆకలి ఉందంటే చాలు, వెనక బెంచీవాళ్లు ఏడుపు మొహాలు పెట్టుకొని మిర్చి బజ్జీల బండి దగ్గరికి పోయేవాళ్లు.

అంతవరకు నవ్వులాటే. ఆ సోమవారం మాత్రం, పురుగుల మందు తాగిన రైతు కథ వచ్చింది.

"ఇందుల ఆత్మహత్య ఉంది. ఇంట్ల గట్లాంటిది జరిగినోళ్లు ఉంటే బయటికి పోవచ్చు, తప్పేం లేదు" అని సార్ యమున వైపు చూశాడు. క్లాసంతా చూసింది.

యమునది గద్వాల దగ్గరి అయిజ. కంపెనీలకు విత్తనం కోసం వేసే సీడు పత్తి దెబ్బతిన్న ఏడు వాళ్ల నాయన మందు తాగాడని అందరికీ తెలుసు. పక్కన కూర్చునే నాకు ఇంకొంచెం తెలుసు. వాళ్ల ఊళ్లో ఆ మాట ఎవరూ ఆమె ముందు అనరు. "గట్లయిపాయె" అని ఆపేస్తారు. ఆమె వస్తుంటే అరుగు మీద మాటలు ఆగిపోతాయి. దాటిపోయాక, ఆయన పిరికోడన్న మాట వెనక నుంచి వినబడుతుంది. దానికి ఆమె దగ్గర జవాబుంది. ఆ మాట మొహం మీద అన్నవాళ్లే లేరు. ఈ పాఠం రోజు క్లాసులో చెప్తానని వారం నుంచి నాతో అంటూనే ఉంది.

యమున లేవలేదు. సార్ కథ చదివాడు.

"రైతు చేసింది సరైనదేనా? చెప్పుండ్రి" అన్నాడు.

ఎప్పుడూ ఒకరి మీద ఒకరు పడి అరిచే క్లాసు నోరు మెదపలేదు. కురుమూర్తి కూడా బెంచీ గీకుతూ కూర్చున్నాడు. మామూలుగా యమున ఏ మాటన్నా దానికి అడ్డం పడకపోతే అతనికి అన్నం అరగదు.

చివరికి యమునే లేచింది. "కురుమూర్తీ, మొన్న క్యాంటీన్ల మందు తాగేటోడు పిరికోడు అన్నవ్ కదా. గదే ఇప్పుడను."

"నేను మీ నాయనను అనలే యమునా."

"అన్నవని అంటలేను. అను, నేను జవాబు చెప్త."

"వద్దు. జర కూసో" అన్నాడు అతను తల ఎత్తకుండా.

"కూసో అమ్మా, పరేషాన్ కాకు. ఈ ముచ్చట ఇంతటితోని ఆపుదాం" అన్నాడు సార్. ఆయన గొంతులో నిజంగానే దయ ఉంది. నాకు ఒళ్లు మండింది. ఎవరూ అనని మాటకు ఆమె జవాబెట్లా చెప్తుంది?

యమున కూర్చొని పుస్తకం మూసింది. మిగిలిన గంట సార్ వ్యాకరణం చెప్పాడు.

మరుసటి రోజు వాన మీద పద్యాలు. "ఇయ్యాల బాధపెట్టేదేం లేదు, అందరు కూసోండ్రి" అన్నాడు సార్ నవ్వుతూ. యమున పుస్తకాలు తీసుకొని లైబ్రరీకి వెళ్లిపోయింది.

ఆమె గుమ్మం దాటగానే కురుమూర్తి చెయ్యెత్తాడు. నిన్నటి రైతు గురించి ఒక మాట చెప్పాలి సార్ అన్నాడు. ఇంకొకరు అందుకున్నారు. గంట కొట్టేదాకా క్లాసంతా మాట్లాడుతూనే ఉంది.