జమున పేరు, భూలక్ష్మి చేతులు

నేను ఒక బీడీ పుస్తకాన్ని. కోరుట్లలో ఒక కార్ఖానాకు బీడీలు చుట్టే ఒక్కో ఆడమనిషి దగ్గర నాలాంటిది ఒకటి ఉంటుంది. ఎంత తునికాకు తీసుకుంది, ఎంత తంబాకు తీసుకుంది, ఎన్ని బీడీలు తెచ్చింది, అన్నీ నాలో రాస్తారు. నేను లేనిదే పీఎఫ్ లేదు. పీఎఫ్ లేనిదే ముసలితనంలో పింఛను లేదు.

నా నేరం ముందే ఒప్పుకుంటాను. నా మొదటి పేజీ మీద ఫొటో ఒక మనిషిది. నన్ను ఇరవై రెండేళ్లు నింపిన చేతులు వేరే మనిషివి.

నిజామాబాద్‌లో ఒక చిన్న ప్రెస్సులో, పెళ్లి పత్రికల మధ్య అచ్చయ్యాను. ఎర్ర గుడ్డతో వీపు కుట్టి కార్ఖానాకు పంపారు. గుమాస్తా వీరేశం నా మీద ‘జమున’ అని రాసి, ఫొటో అంటించి, ముద్ర గుద్దాడు. జమున నన్ను కొంగు కింద దాచుకుని ఇంటికి తీసుకెళ్లింది. ఆరు నెలలు ఒళ్లు వంచి పని చేసింది. అంతలో ఆమె మొగుడు కిరాణా కొట్టు పెట్టాడు. జమున బీడీలు చుట్టే చాట వదిలి గల్లాపెట్టె ముందు కూర్చుంది.

మూడు నెలలు బీడీలు ఇవ్వకపోతే నన్ను రద్దు చేస్తారు. అప్పుడే ఆ ఇంట్లోకి చిన్న కోడలు వచ్చింది. పేరు భూలక్ష్మి. బీడీలు చుట్టడంలో వేగం ఎక్కువ. కానీ ఆమెకు కార్డు లేదు, నాలాంటి పుస్తకాన్నే అక్కడ కార్డు అంటారు. కార్ఖానా కొత్త కార్డులు ఇవ్వడం ఆపేసింది.

“నా పుస్తకంల చెయ్యి చెల్లె,” అంది జమున. “కూలి పైసలు నీయే. పీఎఫ్ ఆఖరికి ఇద్దరం చెరిసగం. నేను దిగినంక కార్డు నీకే రాయిస్త. ఎల్లమ్మ తోడు.”

ఎల్లమ్మ తోడు అంటే ఆ వాడలో స్టాంపు కాగితం కంటే గట్టిది. భూలక్ష్మి నమ్మింది. నేనూ నమ్మాను. వాడలో సగం పుస్తకాలు ఇలా ఒకరి పేరుతో, ఇంకొకరి నడుం నొప్పితో నడుస్తున్నవే. దాన్ని అక్కడ ఎవరూ మోసం అనరు, సర్దుకుపోవడం అంటారు. మనుషులు ముద్దుగా పేర్లు పెట్టుకుంటారు.

రోజుకు వెయ్యి బీడీలు. భూలక్ష్మి కూలిలో పీఎఫ్ కోత పడేది, జమున ఖాతాలో జమ అయ్యేది. నా పేజీలు నిండితే కొత్త పేజీలు కుట్టేవారు. భర్త చనిపోయిన ఏడాది కూడా భూలక్ష్మి పదకొండు రోజులే ఆగింది. పన్నెండో రోజున వెయ్యి బీడీలు పట్టుకొచ్చింది. అవి రాస్తూ వీరేశం తల ఎత్తలేదు. అతనికి అంతా తెలుసు.

మొన్న జమునకు యాభై ఎనిమిది నిండాయి, అది పని నుంచి దిగిపోయే వయసు. పీఎఫ్ లెక్క తేల్చుకోవడానికి తోటికోడళ్లిద్దరూ కార్ఖానాకు వచ్చారు. నేను భూలక్ష్మి చేతిలో ఉన్నాను. వచ్చే నెల ఆమెకు నలభై ఎనిమిది. పింఛను రావాలంటే యాభై ఎనిమిది నిండేలోగా పదేళ్లు సొంత పేరుతో పీఎఫ్ కట్టాలి. ఈ నెల కార్డు దొరికితే లెక్క సరిపోతుంది. దొరకకపోతే ఇక ఎప్పటికీ సరిపోదు.

వీరేశం వేలిముద్రల మిషను ముందుకు జరిపాడు. జమున బొటనవేలు పెట్టింది. ఠక్కున పచ్చ లైటు వెలిగింది.

వీరేశం కళ్లజోడు సర్దుకున్నాడు. తడి ఆకు, కత్తెర, దారం కలిసి బీడీలు చేసే ఆడవాళ్ల వేళ్ల మీద గీతలు తినేస్తాయి. పదిసార్లు నొక్కితే గానీ మిషను ఒప్పుకోదు.

“ఏందమ్మా, ఇరువై రెండేండ్లు బీడీలు చేసిన వేలి మీద ఒక్క గీత సుత చెరగలే?” అన్నాడు ఎగతాళిగా, పక్కన కూర్చున్న కొత్త ఆఫీసరు సంగతి మరిచి.

ఆఫీసరు తల ఎత్తాడు. ఒక్క ప్రశ్న చాలు, మేమందరం దొరికిపోతాం.

“మా అక్క రోజు కొబ్బరినూనె రాస్తది సారూ,” అంది భూలక్ష్మి.

ఆఫీసరు నవ్వి, ఫోను మోగితే బయటికి వెళ్లాడు. భూలక్ష్మి తన సగాన్ని తానే కాపాడుకున్నానని అనుకుంది పాపం.

వీరేశం కాగితం చూశాడు. “పెద్దగ ఏం రాదు జమునా. నడుమ రెండుమాట్ల పైసలు తీసినవ్ గద.”

“తీసుడేంది?” అంది భూలక్ష్మి.

“ఓసారి దుకాణంల ఫ్రిజ్జుకు, ఓసారి మిద్దెకు. నీకు చెప్పలేదా?”

జమున పైట సర్దుకుంది. “ఇంటి అవసరం చెల్లె. నువ్వు ఆ ఫ్రిజ్జు నీళ్లు తాగలేదా?”

భూలక్ష్మి నన్ను బల్ల మీద పెట్టింది. “పోనీ. కార్డు రాయించు.”

పాత కార్డు ఒకటి తెగితేనే, అంటే రద్దయితేనే, కార్ఖానా కొత్తది ఒకటి ఇస్తుంది. అదీ దిగిపోయే మనిషి ఎవరి పేరు చెబితే వారికి.

“పేరు చెప్పమ్మా,” అన్నాడు వీరేశం.

“మా కోడలు, మౌనిక,” అంది జమున. తర్వాత భూలక్ష్మి వైపు తిరిగింది. “దాంట్ల నువ్వే చేస్తవ్ లే. ఈసారి సగం పక్కా. ఎల్లమ్మ...”

“ఎల్లమ్మను తేకు,” అంది భూలక్ష్మి.

గుమ్మం బయట వరుసలో నిలబడ్డ ఆడవాళ్ల దగ్గర నుంచి ఒక చాట లాక్కుంది. కోసిన ఆకు, తంబాకు, దారం. తెచ్చి జమున ముందు పెట్టింది.

“సారూ, మా అక్కతోని ఒక్క బీడీ చేయించు. ఒక్కటే.”

“చేతులు వణుకుతున్నయే,” అంది జమున.

వరుసలోంచి ఒకామె అందుకుంది. “నిన్నటిదాంక దినాం వెయ్యి చేసినవట గదా జమునా! వణుకు ఇయ్యాల పొద్దుగాలనే దిగిందా?”

అందరూ నవ్వారు. జమున ఆకు తీసింది. తంబాకు పోసింది. చుట్టబోతే ఆకు నిలువునా చీలింది. తంబాకంతా నా మీద రాలింది.

వీరేశం లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. న్యాయం జరుగుతుందని పిచ్చిగా ఆశపడ్డాను.

“ఈ పుస్తకంల సంతకాలన్నీ నాయి,” అన్నాడు మెల్లగా. “దొంగ పుస్తకమని రాస్తే ముందు నేను పోత. ఆమె పైసలు ఆగుతయ్, నీకు పైస రాదు. ఈ వాడల సగం కార్డులు తెగుతయ్. ఆ పైసలు ఆమెకు పోనీ. కొత్త కార్డు నీకు రాస్త.”

“మరి మా కోడలు?” అంది జమున.

“నోరు మూస్తవా, ఇంకో బీడీ చేయించాల్నా?”

“నా ఇరువై రెండేండ్లో?” అంది భూలక్ష్మి.

“యాడికెళ్లి తేవాలె బిడ్డా వాటిని?”

నేను అక్కడే ఉన్నాను. ప్రతి రోజూ, ప్రతి వెయ్యీ నా దగ్గరే ఉన్నాయి. కానీ నాలో ఒక్క చోట కూడా ఆమె పేరు లేదు. నన్ను ఎన్ని కోర్టుల్లో విప్పినా నేను జమున వైపే సాక్ష్యం చెబుతాను.

వీరేశం నా మీద అడ్డంగా ఎర్ర గీత కొట్టి మూలనున్న గోనెసంచిలో పడేశాడు. చిత్తు కాగితాల వాడు శనివారం వస్తాడు. సంచి నోరు తెరిచే ఉంది కాబట్టి మిగతాది చూశాను.

కొత్త పుస్తకం మీద రాసి, ముద్ర గుద్ది ఇచ్చాడు. భూలక్ష్మికి చదువు రాదు.

“ఏం పేరు రాసినవ్ సారూ?”

“నీ పేరే. భూలక్ష్మి.”

ఆమె తల ఊపింది. తలుపు తీసి వరుసలో మొదటి ఆడమనిషికి పుస్తకం చూపించింది. “ఏమున్నది, చదువు.”

“భూలక్ష్మి.”

రెండో ఆమె దగ్గరికి వెళ్లింది. “నువ్వు చదువు.”

“భూలక్ష్మే అక్కా.”

ఆమె మూడో మనిషి దగ్గరికి నడిచింది.