బయానా ఇచ్చిన ఇల్లు

ఖమ్మంలో ఖానాపురం హవేలి అనే పేటలో ఒక ఇంటికి బయానా ఇచ్చిన రోజు నాకు భయమే వేయలేదు. పాల్వంచ పక్కన రోడ్డు మీదే మా ఇల్లు, అడిగేవాళ్లు ఉన్నారు, అమ్మడం ఎంతసేపు అనుకున్నాను. ముందు ఇది అమ్ముదాం, తర్వాత అది చూద్దామని మా ఆవిడ హేమ్లి చెబుతూనే ఉంది. ఆలోపు ఎవరైనా ఎగరేసుకుపోతారని నేనే తొందరపడ్డాను. మా అమ్మాయి సంగీత ఉద్యోగం ఖమ్మంలో. రెండు పూటలా బస్సుల్లో పడి పిల్ల సగమైపోయింది.

మేం లంబాడీలం. మాది ఏజెన్సీ ఊరు. ఇక్కడ స్థలమైనా ఇల్లైనా గిరిజనులే కొనాలని చట్టం. నేను కొన్నప్పుడు కులం సర్టిఫికెట్ చూపించగానే పనైపోయింది. చట్టం మా వైపే ఉంది కదా, అమ్మేటప్పుడు మమ్మల్ని ఆపేదెవరని ఇన్నేళ్లూ ధీమాగా ఉన్నాను.

తోమాసు నాతో పాటు పవర్ ప్లాంటులో పనిచేస్తాడు. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాల్సి వస్తుందని మా ఇల్లు తనే కొంటానన్నాడు. ఇద్దరం దస్తావేజులు రాసే ఆయన దగ్గరికి వెళ్లాం. నీకు చట్టం కొనడానికే పనికొచ్చింది, అమ్మాలంటే మళ్లీ గిరిజనులకే అమ్మాలి, ఈయన గిరిజనుడు కాదు కాబట్టి ఈయన పేరున రిజిస్ట్రేషన్ కాదు అని ఆయన తేల్చేశాడు.

మా వాళ్లను అడిగాను. నా అవసరం తెలిసిపోయింది కదా, సగం ధరకు కూడా ఎవరూ రాలేదు. ఖమ్మం ఇంటి ఓనరు వెంకటనారాయణ గారి ఫోన్లు ఎక్కువయ్యాయి. చివరికి, సాయంత్రంలోపు తేల్చకపోతే ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చేస్తానన్నారు.

ఆ మధ్యాహ్నమే తోమాసు, అతని భార్య ఇన్నమ్మ డబ్బు సంచితో మా ఇంటికి వచ్చారు. రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకుందాం, చాలామంది అట్లాగే కొంటున్నారని తోమాసు అన్నాడు. కాగితం కూడా రాయించుకునే వచ్చాడు. నేను పెన్ను అందుకున్నాను.

హేమ్లి నా పక్కకు వచ్చి మా భాషలో మెల్లగా ఒక మాట చెప్పింది. ఇన్నమ్మ తలెత్తింది.

"ఏందొదినా, మాకు తెల్వకుండ ముచ్చట పెడుతున్నవ్?"

హేమ్లి తెలుగులోనే చెప్పింది.

"నీకే చెప్పాలె ఇన్నమ్మా. గా కాగితం చెల్లదు. మేమున్నన్ని రోజులు మా మాట మీద మీరుంటరు. మేం పోయినంక మా తర్వాతోళ్లెవలన్న కేసేస్తే నువ్వు సామాన్లు పట్టుకొని యాడికి పోతవ్?"

"సంగీత మా కండ్ల ముంగట పెరిగింది" అన్నాడు తోమాసు. "గట్ల చేస్తదా?"

నా కూతురు చేయదు. అల్లుడెవరో ఇంకా తెలియదు. ఎదురుగా సంచి. ఆ సంచి తీసుకుంటే సాయంత్రానికి ఖమ్మం ఇల్లు నాది.

"నా మాటైతే నమ్ము తమ్మీ, గని నా తర్వాతోళ్ల పూచీ నేనియ్యలేను" అని పెన్ను కింద పెట్టాను.

తోమాసు ముఖం మాడిపోయింది. పరాయివాళ్లమనేగా ఇదంతా అన్నాడు. కాదని చెప్పబోయాను, వినలేదు. ఇన్నమ్మ మాత్రం సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

అప్పుడే వెంకటనారాయణ గారి ఫోను. డబ్బు కుదరలేదు, ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చేయమని చెప్పాను. ఆయన ఒక్కటే అడిగారు.

"బయానా వెనక్కి రాదు, తెలుసుగా జైరాం గారూ?"

"తెలుసండి."

తోమాసు గుమ్మంలో చెప్పులేసుకుంటూ అదంతా విన్నాడు. బయటికి పోలేదు, లోపలికీ రాలేదు.

"ఖమ్మం ఇల్లు పాయె. ఇగ యాడుంటరన్నా మీరు?"

"యాడుంటం తమ్మీ" అన్నాను. "ఈడనే."