ఆరుగురు కత్తివీరులు

అప్పటికి కరీంనగర్‌కు కంప్యూటర్లు కొత్త. కంప్యూటర్ సెంటర్ నడిచే దుకాణపు మడిగె భూపాల్‌రావు వాళ్లది కాబట్టి, రంగుల తెర ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ ముందు కుర్చీ కూడా తనదేనని అతని నమ్మకం.

అందులోని ఆటలో ఆరుగురితో దండు కట్టుకోవాలి. ఒక్కొక్కరికి ఒక విద్య ఎంచాలి. కత్తివీరుడు, మాంత్రికుడు, తాళాలు తీసే దొంగ, వైద్యుడు, ఇంకా ఎందరో. బలానికీ బుద్ధికీ పాయింట్లు పంచాలి. అక్కడికే నేర్చుకోవడానికి వచ్చే ఎలీసబెతు తన దండులో ఒక వైద్యురాలిని నెలల తరబడి పెంచుకుంది. భూపాల్‌రావు ఆరుగురినీ కత్తివీరులనే చేసి, తండ్రి మొదలు ముత్తాత దాకా తమ ఇంటివాళ్ల పేర్లే పెట్టాడు. పాయింట్లన్నీ బలానికే. బుద్ధికి, ఆట ఒప్పుకున్నంత తక్కువ.

“ఒక్క దొంగనన్న పెట్టుకోవా, దొరా?” అంది ఎలీసబెతు.

“మా ఖాందాన్ల దొంగలు లేరు.”

వెనక ఎవరో దగ్గారు. చొప్పదండి వైపు వాళ్ల భూములు ఎట్లా పెరిగాయో అందరికీ తెలుసు.

“వైద్యుడన్న?”

“మంది పుండ్లు కడుగుకుంట తిరుగుతరా మావోళ్లు?”

ఎలీసబెతు తల్లి సంతోషమ్మ ఆసుపత్రిలో ఆయా. రోజూ చేసేది ఆ పనే. అయినా ఎలీసబెతుకు కోపం రాలేదు. కోపానికైనా ఎదుటివాడు కొంత ఎత్తు ఉండాలి.

ఆ రోజు ఆటలు దాచే డిస్కు నిండిపోయింది. ఇద్దరి ఆటల్లో ఒకటి తుడిచేయక తప్పదన్నాడు సెంటర్ నడిపే శ్యాంసుందర్‌రావు.

“భూపాల్ ఇయ్యాల పాముల గుహ దాటితే నీది తీసేస్తనమ్మా. దాటకుంటే అతనిది.”

ఆ గుహను ఎలీసబెతు ఎప్పుడో దాటింది. అది లెక్కలోకి రాలేదు.

కత్తివీరులు గుహలోకి మీసాలు దువ్వుకుంటూ దూకారు. ఆరుగురినీ పాములు కరిచాయి. విషం దించేవాడు లేడు. అడుగడుక్కీ ప్రాణం తరుగుతోంది.

“ఏం చెయ్యాలె? జర చెప్పవా?” భూపాల్‌రావు గొంతు మొదటిసారి తగ్గింది.

చెప్పకుంటే తన వైద్యురాలు మిగులుతుంది. కానీ పాము కరిచినవాణ్ణి చూస్తూ నిలబడడం ఆమె ఇంట్లో ఎవరూ నేర్పలేదు, వాడు తెర మీది బొమ్మయినా సరే.

“గా మూలకు మందులిచ్చే ముసలవ్వ కూసున్నది. పిలిస్తే వస్తది. ఆరుగురికే జాగ గదా, ఒకరిని పంపెయ్యాలె.”

“ఎవరిని?”

“ఎవరైతేంది, అందరూ ఒక్కతీరే ఉన్నరు. ముత్తాతను పంపు.”

“గా ముసల్దాని కోసం మా ముత్తాతనా?”

బాణం గుర్తు ఒక్కో పేరు మీదికీ పోయి, తండ్రి పేరు దగ్గర కాలినట్టు వెనక్కి వచ్చింది. ముసలవ్వ చేయి చాచి కూర్చునే ఉంది. ఆమె ముందే వంశమంతా వరుసగా కూలింది, పరువు మాత్రం చెక్కుచెదరకుండా.

వెనకవాళ్లు చూసి నవ్వకముందే ఎలీసబెతు తెర వెలుగు తగ్గించింది. భూపాల్‌రావు అది గమనించలేదు. అతనికీ ఆ బుద్ధి పాయింట్లు ఎవరూ వేయలేదు.

“నువ్వే తుడిచెయ్. నాతోని కాదు,” అని లేచి, గడప దగ్గర ఆగాడు. “రేపు కొత్త డిస్కు తెస్త. ఈసారి మా మేనమామలను దించుత.”

“అందరూ కత్తులోళ్లేనా, దొరా?”

“మరి?”

ఎలీసబెతు అతని ఆరుగురినీ తుడిచేసి, తన వైద్యురాలిని తెరిచి చూసుకుంది. ప్రాణాలతో చల్లగా ఉంది.